పీతల చెరువులో పీటలు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మత్స్యశాఖ జాయింట్ డైరెక్టర్ ఫిలిప్ గారికి, గవర్నర్‌పేట ట్రాఫిక్‌ను దాటుకుని ఈ హాలు దాకా రాగలిగిన పెద్దలకు, తోటి ఉద్యోగులకు, డెల్టా చివరి ఊళ్ల నుంచి వచ్చిన రైతులకు, మొదటి వరసలో కూర్చుని “త్వరగా ముగించండి” అని సైగ చేస్తున్న మా ఆవిడ మాణిక్యానికి నమస్కారాలు. (నవ్వులు)

ముప్పయ్యారేళ్ల సర్వీసులో హరిబాబు మీద ఒక్క మెమో కూడా లేదని చెప్పి ఫిలిప్ గారు ఇందాక శాలువా కప్పారు. అప్పటి నుంచి నాకు దాని కింద చెమటలు పడుతున్నాయి. ఆ మాట నిజమే గాని, మెమో ఎందుకు రాలేదో మూడో వరసలో నీలం చీర కట్టుకుని కూర్చున్న మల్లీశ్వరి గారికి తెలుసు.

నాలుగేళ్ల కిందట ఆమె నాగాయలంక దగ్గర ఎకరం చెరువులో పీతల పెంపకానికి సబ్సిడీ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. చెరువు తవ్వించారు, చుట్టూ వల కట్టించారు, పీత పిల్లలను వదిలారు. మేము డబ్బు వేయడమే తరువాయి. ఆ ఫైలు టైపు చేసింది నేను. ‘త’ కొట్టాల్సిన చోట ‘ట’ కొట్టాను. అది ‘పీటల పెంపకం’ అయి పైకి వెళ్లింది. (నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గాని, పై ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. “చెరువు నందు పీటలు పెంచుట సాధ్యమా?” అని రాసి తిప్పి పంపారు. అప్పుడే ఒప్పుకుంటే పోయేది. కానీ అవి నా చివరి ప్రమోషన్ లిస్టు తయారవుతున్న రోజులు. “సాధ్యమే” అని రాశాను. రెండు నెలలకు, “పెళ్లి పీటలా, భోజనం పీటలా? తెలుపవలెను” అని వచ్చింది. “ఉభయములు” అని జవాబిచ్చాను. (పెద్దగా నవ్వులు)

ఆమె మాత్రం నెలనెలా బస్సెక్కి వచ్చేవారు. “పై ఆఫీసులో ఉందమ్మా” అనేవాణ్ణి. మేత కొనలేక సగం ఎదిగిన పీతలను అయినకాడికి అమ్ముకున్నారని తర్వాత తెలిసింది. పదకొండోసారి వచ్చినప్పుడు ఫైలు చూపించమన్నారు. చదివి, నా మొహం చూశారు. కేకలేస్తారనుకున్నాను. నేరుగా అప్పటి ఆఫీసరు గదిలోకి వెళ్లి, “దరఖాస్తులో నేనే తప్పు రాశానండీ, దిద్దించండి” అన్నారు.

బయటికొచ్చాక, “అదేంటమ్మా అలా చెప్పారు?” అన్నాను.

“మీకు మెమో ఇస్తే ఎంక్వైరీ అంటారండీ. అదయ్యేదాకా నా ఫైలు కదలదు. మీ మీద కోపం లేదనుకోకండి, ఉంది. పడటానికి తీరిక లేదంతే.”

నెల తిరక్కుండా ఆమెకు డబ్బు పడింది. నాకు ప్రమోషనూ వచ్చింది.

ఫిలిప్ గారూ, ఆ తప్పు ఆవిడది కాదు, నాది. పెన్షన్ కాగితం చేతికందాక చెబుతున్నాను. నా ధైర్యం ఆపాటిదే. మల్లీశ్వరి గారూ, మీకు ఒక పంట పోగొట్టాను. ఇంతమంది ముందు క్షమించమని అడుగుతున్నాను.

ఏమంటున్నారమ్మా? మైకు అక్కర్లేదు, వినపడింది. “అది తర్వాత చూద్దాంలెండి, అవతల అన్నాలు చల్లారిపోతన్నయ్యి, ముందు జనాన్ని లేవనివ్వండి” అంటున్నారు. (నవ్వులు)

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆమె అడిగింది ఈసారి వెంటనే మంజూరు చేస్తున్నాను. సెలవు.