అందని మాఫీ

సూరత్, డిండోలి. తెలుగు సాంచా (మరమగ్గాల) కార్మికుల కోసం, వేరే ఊళ్ల సర్వర్లతో పోస్టులు ఇచ్చిపుచ్చుకునే సోషల్ మీడియా సర్వర్ నడుపుతున్న కుర్రాణ్ణి, టీ విరామంలో షెడ్డు బయట అతని బావ నిలదీశాడు.

"సిరిసిల్లోళ్ల ముచ్చట్లు ఒక్కటి గూడ కనవడ్తలేవని మీ అక్క మొత్తుకుంటుంది. ఏం జేసినవ్?"

"ఆళ్ల సర్వర్‌తోని మన సర్వర్‌కు సంబంధం తెంపిన బావా. మనల్ని ఊరిడిసి పారిపోయినోళ్లని తిట్టిన్రు."

"ఎందరు తిట్టిన్రు?"

"ముగ్గురు."

"ఆడ ఉన్నదెందరు?"

"నాలుగొందల మంది."

"ఒక్క పోగు తెగితే సాంచ ఆపి అతుకుతవు గదా. పడుగంత కోస్తవా?"

"నాకు చెప్పకు బావా! ఆళ్ల అడ్మిన్ మాఫీ అడిగి పోస్టు పెడ్తేనే తెరుస్తనన్న. పదిరోజులాయె, ఒక్క ముక్క రాలే. గంత పొగరేంది?"

"పెట్టిండు."

"ఎప్పుడు?"

"నువ్వు తెంపిన తెల్లారే. సిరిసిల్ల నుంచి మా దోస్తు ఇప్పుడే ఫోన్‌ల చదివి వినిపించిండు. ఆ ముగ్గుర్ని గూడ తీసేసిండంట."

"మరి నాకెందుకు కనవడలే?"

"ఆళ్లది ఏదీ మనకు రాకుండ జేసింది నువ్వే గదరా!"

"...ఇప్పుడే తెరుస్త బావా."

"తెరిసి ఏం లాభం? మాఫీ అడిగినా జవాబియ్యలేదని, ఇయ్యాల పొద్దుగాల ఆళ్లు గూడ మనల్ని తెంపిన్రు."