అడగడానికి వచ్చినవారి మనసెరిగిన లక్ష్మీనరసమ్మ గారు

1992వ సంవత్సరం ఆగస్టు పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు రాప్తాడు శాఖా గ్రంథాలయం తాళం తీసి, హాజరు పట్టికలో తొలి సంతకం చేసిన శ్రీమతి ఎస్. లక్ష్మీనరసమ్మ గారు, ముప్పై మూడు సంవత్సరాలకు పైబడిన నిరంతర సేవానంతరం, ఈ సెప్టెంబరు ముప్పయ్యవ తేదీన అనంతపురం కేంద్ర గ్రంథాలయం నుండి పదవీ విరమణ చేయుచున్నారు. ఆ మహనీయురాలి వద్ద పదకొండు సంవత్సరాలు పనిచేసి, పని నేర్చుకొని, అప్పుడప్పుడు చీవాట్లు కూడా తిన్నవాడిగా ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాసే అవకాశం నాకు దక్కడం నా అదృష్టంగా భావిస్తున్నాను.

రాప్తాడులో ఆమె చేరిన నాటికి ఆ గ్రంథాలయం రెండు బీరువాలు, నాలుగు బెంచీలు, మూడు దినపత్రికలు గల ఒక అద్దె గది. హైవే పక్కనే ఉండటం వలన బస్సు కోసం వేచి ఉండేవారు నీడకోసం లోపలికి వచ్చేవారు. వచ్చినవారు పుస్తకాలు అడిగేవారు కాదు. ధర్మవరం బస్సు ఎన్ని గంటలకు, వేరుశనగ విత్తనాలు ఎప్పుడు ఇస్తారు, పట్టాదారు పుస్తకంలో పేరు తప్పు పడితే ఎవరిని కలవాలి, కుక్క కరిస్తే సూది ఏ ఆసుపత్రిలో వేస్తారు అని అడిగేవారు. ఇది గ్రంథాలయం పనా కాదా అనే మీమాంస ఆమెకు ఎన్నడూ కలుగలేదు. తెలిసినది చెప్పి, తెలియనిది కనుక్కొని, మరుసటి రోజు వారికోసం కాగితం మీద వ్రాసి ఉంచడం ఆమె తొలి సంవత్సరంలోనే అలవాటు చేసుకున్నారు.

1997లో ఆమె లేపాక్షికి బదిలీ అయ్యారు. అక్కడి ఆరేళ్ల ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటును ఆమె ఏనాడూ దాచలేదు కనుక, నేనూ దాచకుండా వ్రాస్తున్నాను. హేమావతి అనే విద్యార్థిని నర్సింగు శిక్షణకు దరఖాస్తు గడువు ఎప్పటివరకు అని అడిగినప్పుడు, లక్ష్మీనరసమ్మ గారు పత్రిక తిరగవేయకుండా, జ్ఞాపకాన్ని నమ్మి, ముప్పయ్యవ తేదీ అని చెప్పారు. గడువు ఇరవై అయిదుతోనే ముగిసింది. సంగతి తెలిసిన నాటి సాయంత్రమే ఆమె ఆ అమ్మాయి ఇంటికి నడిచి వెళ్లి, గొర్రెలు తోలుకొని అప్పుడే ఇల్లు చేరిన తండ్రి తిమ్మన్న ఎదుట నిలబడి, తప్పు తనదేనని చెప్పారు. తిమ్మన్న, "నువ్వు వచ్చి చెప్పకపోయింటే నా కూతురే ఆలస్యం చేసిందనుకోని తిట్టేవాణ్ణి తల్లీ" అన్నాడట. ఆ అమ్మాయి మరుసటి సంవత్సరం దరఖాస్తు చేసినా ఆమెకు సీటు రాలేదు. ఈ మాట చెప్పేటప్పుడల్లా మేడమ్ గారి గొంతు తగ్గిపోవడం నేను గమనించాను. ఆనాటి నుండి నేటి వరకు ఆమె ఏ తేదీనీ, ఏ నిబంధననూ నోటితో చెప్పలేదు. అచ్చులో ఉన్నదానిని వెదికి, వేలు పెట్టి చూపించి, అడిగినవారి చేతనే చదివించారు.

2003 నుండి 2012 వరకు ఆమె విడపనకల్లు శాఖా గ్రంథాలయంలో పనిచేశారు. ఆ తొమ్మిదేళ్లలో గ్రంథాలయానికి సొంత భవనం వచ్చింది, సభ్యుల సంఖ్య మూడింతలు పెరిగింది, ఉత్తమ గ్రంథపాలకురాలిగా జిల్లా స్థాయి ప్రశంసాపత్రం కూడా లభించింది. ఈ వివరాలన్నీ సేవా పుస్తకంలో ఉన్నాయి. అదే సేవా పుస్తకంలో 2006వ సంవత్సరం నవంబరు నెలలో ఒక రోజు సెలవు కూడా నమోదై ఉంది. కారణం అన్నచోట 'సొంత పని' అని ఉంది. ఆ సొంత పని ఏమిటో నాకు గత ఆగస్టు నెల వరకు తెలియదు. ఆమె పదవీ విరమణ వార్త విని, విడపనకల్లు సమీప గ్రామం నుండి బస్సెక్కి మా కార్యాలయానికి వచ్చిన ఆంజినప్ప అనే రైతు, నా ఎదుట కూర్చొని ఆ కథ చెప్పాడు. వ్రాయమని కూడా ఆయనే చెప్పాడు.

అప్పటికి ఆంజినప్పకు యాభై ఎనిమిదేళ్లు. తెలుగు కూడబలుక్కొని చదవగలడు. సరిహద్దు ఊరివాడు కావడంతో కన్నడం మాట్లాడగలడు గానీ, చదవలేడు. ఒక ఉదయం గ్రంథాలయంలో పత్రికలు చదివేవారంతా వెళ్లిపోయేదాకా అరుగు మీద కూర్చొని, తరువాత లోపలికి వచ్చాడు.

"అమ్మా, కన్నడ అక్షరాలు నేర్చుకునే పుస్తకం ఉండాదా?"

"ఎవరికప్పా, మనవళ్లకా?"

"నాకేమ్మా."

ఆమె నవ్వలేదు. "ఈడ లేదు. అనంతపురం నుంచి తెప్పిస్తా. వారం పడుతుంది" అన్నారు.

"వచ్చినాక నేర్చుకునేకి ఎన్ని దినాలు పడుతుందమ్మా?"

"దినామూ కూచుంటే మూడు నెలలు."

ఆంజినప్ప తల ఊపి వెనుదిరిగాడు. అతడు గడప దాకా వెళ్లాక ఆమె అడిగారు. "అప్పా, నువ్వు చదవాల్సింది పుస్తకమా, కాగితమా?"

ఆ మాటకు తన కాళ్లు ఆగిపోయినాయని ఆంజినప్ప నాతో చెప్పాడు. అతడు తిరిగి వచ్చి, పంచె మడతలోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు. కర్ణాటకలో ఏదో ఆసుపత్రి నుంచి వచ్చినట్టుందని పోస్టుమ్యాన్ కవరు చూసి చెప్పాడు. లోపల ఉన్నదంతా కన్నడం. వచ్చి పదిహేడు రోజులైంది.

పన్నెండేళ్ల క్రితం, వరుసగా రెండు బోర్లు ఎండిపోయిన ఏడు, మూడవ బోరు ఎక్కడ వేయాలన్న తగాదాలో ఆంజినప్ప తన తమ్ముడు కుళ్లాయప్పను నలుగురిలో మోకుతాడుతో కొట్టాడు. తమ్ముడు ఆ సాయంత్రమే ఊరు విడిచి పోయాడు. కర్ణాటకలో యాడో కూలి చేస్తున్నాడని ఒకసారి వినడమే తప్ప మరే కబురూ లేదు. ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిందంటే అందులో ఏముంటుందో ఆంజినప్ప తనకు తానే నిశ్చయించుకున్నాడు.

"మా ఊర్లో గోపాలయ్య సెట్టికి కన్నడం వస్తాదమ్మా. ఆయప్పకు ఇస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తాది. 'నువ్వు తరిమినోడు చచ్చిపోయినాడంట' అని ఇంకొకరి నోటితో నేను వినలేను. నేనే చదువుకోని, నేనే తెలుసుకోవల్లనుకున్నా."

లక్ష్మీనరసమ్మ గారు ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకోలేదు. "నాకు గూడా కన్నడం చదివేకి రాదప్పా" అన్నారు. "బళ్లారిలో పెద్ద లైబ్రరీ ఉండాది. ఆడ నిన్ను ఎరిగినోళ్లు ఎవరూ ఉండరు. రేపు పొద్దున మొదటి బస్సుకు రా. నేనూ వస్తా. మూడు నెలలు ఆగే ఉత్తరం మాదిరి లేదు ఇది" అన్నారు.

మరునాడు ఆమె కార్యాలయానికి సొంత పని అని సెలవు చీటీ పంపి, ఇంట్లో మాత్రం ఆఫీసు పని మీద బళ్లారికి అని చెప్పి బయలుదేరారు. ఆమె భర్త శ్రీ ఓబులేష్ గారు, కుమార్తె చిరంజీవి అనుపమ ఈ వ్యాసం ద్వారానే అసలు విషయం తెలుసుకోబోతున్నారని నా నమ్మకం. వారు నన్ను మన్నించాలి.

బళ్లారి గ్రంథాలయంలో జయంతి అనే గ్రంథపాలకురాలు వారి మాట విని, పాఠకులు లేని వెనుక గదిలోకి తీసుకెళ్లింది. ఆమెకు తెలుగు వచ్చు. ఉత్తరం విప్పుతుండగా లక్ష్మీనరసమ్మ గారు ఆమెతో, "ముందు మనిషి ఉన్నాడా లేడా అది చెప్పమ్మా. తర్వాత అంతా చదువు" అన్నారు.

జయంతి కళ్లు రెండు వరుసలు దాటాయి. "ఉన్నారు" అన్నది.

ఆంజినప్ప నేల మీద కూర్చుండిపోయాడట. కుర్చీలు ఉన్నాయని కూడా గుర్తు రాలేదన్నాడు.

కుళ్లాయప్ప క్షయవ్యాధితో ఏడు నెలలుగా ఆ ఆసుపత్రిలో ఉన్నాడని, వ్యాధి నయమైందని, బంధువులెవరైనా వస్తే పంపగలమని, నెలాఖరులోగా ఎవరూ రానిచో దూరాన ఉన్న నిరాశ్రయుల ఆశ్రమానికి తరలించవలసి వస్తుందని, తనవారెవరని అడిగితే అన్న పేరు ఒక్కటే చెప్పాడని ఆ ఉత్తరంలో ఉంది. నెలాఖరుకు మూడు రోజులే మిగిలాయి.

ఉత్తరం చివర ఫోను నెంబరు ఉంది. గ్రంథాలయం ఎదుట ఉన్న ఎస్.టి.డి. బూతు నుండి జయంతి మాట్లాడి, తమ్ముణ్ణి ఫోను దగ్గరకు పిలిపించింది. ఏమి మాట్లాడుకున్నారని నేను ఆంజినప్పను అడిగాను. "ఏం మాట్లాడల్యా సార్. 'అన్నా' అన్నాడు. 'వస్తాండా' అన్నా. అంతే."

తరువాత జరిగిన పనిని నేను ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పదలచుకున్నాను. ఆ ఇద్దరు గ్రంథపాలకురాండ్రు ఒక తెల్లకాగితం తీసుకొని, ఏ ఊరిలో దిగాలో, ఏ బస్సు మారాలో, ఆసుపత్రిలో ఎవరిని కలవాలో ఒకవైపు తెలుగులోను, మరొకవైపు కన్నడంలోను వ్రాశారు. తెలుగు వైపు ఆయన చదువుకోవడానికి. కన్నడం వైపు కండక్టర్లకు చూపించడానికి. లక్ష్మీనరసమ్మ గారు తన సద్ది గిన్నె ఆయన చేతిలో పెట్టి బస్సెక్కించారు. ఆంజినప్ప కట్టుబట్టలతో వెళ్లి, నాలుగవ రోజున తమ్ముడితో ఊరు చేరాడు.

కుళ్లాయప్ప ఆ తరువాత పదకొండేళ్లు బ్రతికాడు. అన్న పొలంలోనే గొర్రెలు మేపుకున్నాడు. అన్నదమ్ములు మళ్లీ పోట్లాడుకున్నారట కూడా, కానీ ఎవరూ ఊరు విడిచి పోలేదు. "ఆయమ్మ నన్ను ఒక్కనాడు గూడా 'తమ్ముణ్ణి ఎందుకు కొట్టినావు' అని అడగల్యా" అన్నాడు ఆంజినప్ప. "ఆ బస్సులో పోయేటప్పుడు నేనే చెప్పినా. విని, 'కిటికీ పక్కకు జరుగప్పా, గాలి వస్తాది' అనింది."

ఈ వృత్తాంతం నిజమేనా అని నేను మేడమ్ గారిని అడిగాను. "ఆయన చెప్పినాడు కదా. ఆయన ఉత్తరం, ఆయన చెప్పుకుంటాడు. నేను చెప్పేదేముంది" అని ఆమె మరొక పనిలో పడ్డారు. పంతొమ్మిదేళ్ల పాటు ఒక మనిషి గుట్టును కాపాడిన వ్యక్తి నుండి ఇంతకన్న ఎక్కువ ఆశించడం నాదే పొరపాటు.

2012లో కేంద్ర గ్రంథాలయానికి వచ్చాక ఆమె బాధ్యతలు విస్తరించాయి. పోటీ పరీక్షల విభాగం, స్త్రీల పఠన మందిరం, కంప్యూటర్ల గది ఆమె పర్యవేక్షణలోనే రూపుదిద్దుకున్నాయి. కాలం మారి, పట్టణమంతా చేతిలో ఫోను పట్టుకొని తిరుగుతున్నప్పటికీ, అడగడానికి వచ్చేవారు తగ్గలేదు. ఫోనులో వచ్చిన సందేశం నిజమో మోసమో తెలియనివారు, హాల్ టికెట్టు తీసుకోలేనివారు, పింఛను ఎందుకు ఆగిందో అర్థం కానివారు ఆమె బల్ల ముందుకే వచ్చారు.

నేను 2014లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆధార్ కార్డులో పుట్టిన తేదీ మార్చుకోవడం ఎలాగని అడిగిన ఒక పెద్దాయనతో, ఇది గ్రంథాలయం, మీసేవ కేంద్రం కాదు అని అన్నాను. మేడమ్ గారు నన్ను అందరిలో ఏమీ అనలేదు. ఆయనను కూర్చోబెట్టి, పని చూసి పంపి, తరువాత నన్ను పిలిచారు. "శివప్పా, ఆయన లోపలికి వచ్చేకి ముందు పది నిమిషాలు మెట్ల కాడ నిలబడినాడు. నేను కిటికీలోంచి చూసినా. అడగల్లా వద్దా అని ఆలోచించుకోని, చెప్పులిడిచి వచ్చినాడు. నువ్వు ఒక్క మాటతో పంపితే మళ్లీ యాడికీ పోయి అడగడు" అన్నారు. గ్రంథాలయ శాస్త్రంలో నేను పొందిన పట్టా ఒక ఎత్తు, ఆ నాలుగు వాక్యాలు ఒక ఎత్తు.

మొన్న సెప్టెంబరు పదవ తేదీన ఆమె సభ్యత్వ దరఖాస్తు పత్రం నింపి, అందరిలాగే వరుసలో నిలబడి, నా బల్ల ముందుకు వచ్చారు. ఇన్నేళ్లూ ఉద్యోగిగా ఉండటంతో తన పేరిట పాఠకురాలి కార్డు తీసుకోనే లేదట. కార్డు మీద సంతకం చేసి ఇచ్చి, "ఇప్పుడు మీకేం కావల్ల మేడమ్?" అని అడిగాను. ఆమె బీరువాల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. నవ్వి, "ఈ మాట నన్నెవరూ అడగలేదు శివప్పా. కొంచెం ఆలోచించుకోనీ" అన్నారు.

అలా తీరికగా ఆలోచించుకోవడానికి లక్ష్మీనరసమ్మ గారికి నిండైన ఆరోగ్యాన్ని, చల్లని కుటుంబ సౌఖ్యాన్ని, దీర్ఘమైన ఆయుర్దాయాన్ని భగవంతుడు ప్రసాదించాలని, గ్రంథాలయ ఉద్యోగులందరి పక్షాన, ఆమె బల్ల ముందు నిలబడి అడిగిన వేలాదిమంది పక్షాన హృదయపూర్వకంగా కోరుకుంటున్నాను. తొందరేమీ లేదు మేడమ్. మీరు ఎప్పుడు వచ్చి అడిగినా వెదికి పెడతాను. దొరకకపోతే, దొరికే చోటికి మీ వెంట బస్సెక్కి వస్తాను.

— శివప్ప
గ్రంథపాలకుడు, అనంతపురం