కాలెత్తే మాట

భైంసా పక్క ఊళ్లో, పోలీసు యాక్షన్ నాడు పట్నం పారిపోతూ దొర వదిలేసిన గుర్రాన్ని, నలభై ఏండ్లు గడిలో గుర్రాలు కాచిన తాత మనుమరాలికి చూపిస్తున్నాడు.

"చెవుల కొసలు ఒకదానికొకటి తాకుతున్నయ్ చూడు. గట్లుంటే కాఠియావాడి గుర్రమన్నట్టు."

"డెక్కలెట్ల సాఫ్ చెయ్యాలె తాతా?"

"ఎన్కకు పోకు, తంతది. భుజం పక్కన నిలవడి, చెయ్యి కాలెంబడి కిందికి తెచ్చి జర నొక్కాలె. గప్పుడు 'నీ బాంచెన్, కాల్మొక్త' అనాలె."

"గుర్రానికా? నేనైతే అనను."

"అనకుంటే కాలెత్తదు బిడ్డా! దొర గుర్రమది. గిన్నేండ్ల సంది అంటనే ఉన్న."

ఆమె పెదవి బిగించి, చేతిని మెల్లగా కిందికి జార్చి నొక్కింది. గుర్రం కాలెత్తింది.

"చూసినవా తాతా? దీనికి చెయ్యి తగిలితే చాలు. మొక్కుమన్నది గుర్రం గాదు."