విజయశ్రీ గారి వద్ద నమ్రత గాజులు

1997 జూలై 7వ తేదీన అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఆస్పత్రి జీర్ణకోశ విభాగంలో వైద్యురాలిగా చేరిన డాక్టర్ విజయశ్రీ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి నైపుణ్యమూ, రోగులపై చూపిన ఆదరణా, మాకు పెట్టిన చీవాట్లూ ఈ విభాగాన్ని తీర్చిదిద్దాయి.

పదేళ్ల తరువాత వారు విభాగాధిపతి అయ్యారు. పురస్కారాలు వచ్చాయి. అయితే ఆ గౌరవాలన్నింటికంటే నమ్రత అనే రోగిని పోగొట్టుకున్న దుఃఖమే వారిని ఎక్కువగా మార్చిందని దగ్గరగా చూసిన మాకు తెలుసు.

నమ్రత సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, అయిదో నెల గర్భిణి. విరేచనంలో రక్తం పడుతోందంటే, కడుపుతో ఉన్నవారికి మొలలు మామూలేనని ఇంట్లోవారూ, మొదట చూసిన వైద్యులూ సర్దిచెప్పి ఐరన్ మాత్రలిచ్చారు.

"చూడకుండానే మొలలని ఎలా రాశారండీ?" అని, రక్తం ఆగక మా విభాగానికి వచ్చిన ఆమె కాగితాలు చూసి విజయశ్రీ గారు మండిపడ్డారు. మత్తు అవసరం లేని చిన్న కెమెరా పరీక్ష తామే చేశారు. పెద్దపేగులో క్యాన్సర్ కనిపించింది. అప్పటికే అది కాలేయానికి పాకింది.

"బేబీ సేఫ్‌గా ఉంటుందా మేడమ్? ఫస్ట్ అది చెప్పండి," అంది నమ్రత.

"సర్జరీ ఇప్పుడే చేయించాలమ్మా. కీమో కూడా బేబీని చూసుకుంటూనే ఇస్తాం."

తల్లి గురించి మాత్రం వారు మాట ఇవ్వలేకపోయారు.

ఇంట్లో తొందరగా సీమంతం జరిపించారు. ఆపరేషన్ ఉదయం గాజులు తీయమంటే నమ్రత ససేమిరా అంది.

"కాన్పయ్యేదాకా తీయొద్దని మా అత్తమ్మ చెప్పింది మేడమ్."

"ఇటివ్వు. నువ్వొచ్చేదాకా నా చేతికుంటాయి. తీసినట్టు కాదు."

వార్డునంతా గడగడలాడించే మనిషి, ఆపరేషన్ గది బయట, గాజులు చప్పుడవకుండా చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

నెలలు నిండకముందే ఆద్య క్షేమంగా పుట్టింది. బిడ్డ రెండో పుట్టినరోజు చూసి నమ్రత వెళ్లిపోయింది. "పాపకి సరిపోయినప్పుడు మీరే వెయ్యండి మేడమ్," అని పోయేముందు ఆ గాజులు వారికే ఇచ్చింది.

ఆ తరువాత మా విభాగంలో ఏ గర్భిణికీ చూడకుండా మొలలని రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అయినా "ఇంకొంచెం ముందు నా దగ్గరికొచ్చుంటే" అని వారు అంటూనే ఉంటారు.

మొన్న తండ్రి జితేందర్ గారితో వచ్చిన ఆద్య గాజులు తొడుక్కుని చూసుకుంది. "ఇంకా లూజ్ ఉన్నాయి డాక్టర్ ఆంటీ. ఫిట్ అయ్యేదాకా రిటైర్ అవ్వొద్దు, ప్లీజ్!"

విజయశ్రీ గారు నవ్వబోయి ఏడ్చేశారు.

ఉద్యోగానికి విరమణ ఉంది, తప్పదు. ఆ పిల్ల అడిగింది మాత్రం మేమూ అడుగుతున్నాం. ఆ గాజులు ఆద్య చేతికి సరిపోయిన నాడు తమ చేతులతోనే తొడిగేటట్లుగా, ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్లు, డాక్టర్ విజయశ్రీ గారు ఆయురారోగ్యాలతో మా మధ్యనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.