సైరన్ ఇనవడె ఇల్లు

"అమ్మమ్మా, జ్యోతినగర్ దిక్కు ఒక ఇల్లు చూసినం, గీడ మీ పక్క గల్లీల ఒకటి. చంటిదాన్ని పెట్టుకొని ఏడ ఉండమంటవ్?"

నన్నడుగుతున్నవా బిడ్డా? నేనే ఇల్లు ఏరుకునుడు తెల్వక ఆగమైనదాన్ని. కూసో, చెప్త. పిల్ల పండుకున్నదా? మెల్లగ మాట్లాడు మరి.

మీ అమ్మకప్పుడు మూడేండ్లు. కాదు కాదు, మూడు నిండలే, పుట్టెంటికలు గూడ తియ్యలే. మీ తాతకు బొగ్గుబాయిల నౌకరి అప్పుడే దొరికె. మా అన్న ఊరి దిక్కు ఇల్లు చూసిండు, పెద్ద వాకిలి, మంచి గాలి, కిరాయి ముప్పై రూపాలే. నేనొద్దన్న. బాయి పక్కపొంటి ఒక గూనపెంకల అర్ర ఉండె, గాలాడది, ఆరేసిన బట్టల నిండ బొగ్గు దుబ్బ. గదే కావాలన్న. ఎందుకంటవా? ఆడికి సైరన్ ఇనవడ్తది. షిఫ్టు యాళ్లకు కూస్తె సరే. యాళ్ల గాని యాళ్ల కూసిందంటె లోపల ఏదో అయినట్టు. మీ తాతకు ఏమన్నయితె అందరికంటె ముందుగాల నాకే తెల్వాలె, ఉరకాలె. గదే నా ఆరాటం. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నదన్న సోయే లేదు, ఏం మనిషినో.

ఒకనాడు పగటీలి పిల్లకు బువ్వ పెడ్తున్న. కూసింది, యాళ్ల గాని యాళ్ల. ముద్ద ఆన్నే పడేసి ఉరికిన, కాళ్లకు చెప్పులు గూడ లేవు. పిల్లను పక్కింటక్కకు అప్పజెప్పుడు గూడ యాదికి రాలే. బాయి గేటుకాడ జనమే జనం. ఇంకొకాయనకు కాలు ఇరిగింది పాపం, మీ తాత మంచిగనే ఉన్నడు. మనసు నిమ్మలమై ఇంటికొచ్చి చూస్తె, పిల్ల కూసున్న తాన్నే కూసున్నది. ఏడుస్తలేదు. నోట్లె బువ్వ మింగలే. నా మొకమే చూస్తున్నది.

నెల దాటకముందే ఊరి దిక్కు మారినం. సైరన్ ఇనరాదు, ఇగ ఫికర్ లేదనుకున్న. ఏది? మీ తాత డ్యూటీ నుంచి రావుడు జరంత ఆలస్యమైతె నేను వాకిట్లకు పోవుడు, మీ అమ్మ బువ్వ ఆపి నా మొకం చూసుడు. ఇల్లు మారింది గని నా మొకం మారలే బిడ్డా. మీ అమ్మకు ఇప్పుడు యాభై దగ్గరికొచ్చె. ఇంకా ఫోన్ మోగితె ఎత్తకముందు నా దిక్కు చూస్తది. నేను నేర్పిన బుగులే అది.

మా పక్క గల్లీ ఇల్లు మంచిదే, దవాఖాన దగ్గర, నేనుంట. ఓపెన్ కాస్టు గనిల బొగ్గు కోసం బ్లాస్టింగ్ కొడ్తె కిటికీలు అదుర్తయి, గదొక్కటి. జ్యోతినగర్ల బడి మంచిగుంటదంటరు, గాలి సంగతి తెల్వది. నన్నడిగితె నాకు రెండిటికీ భయమే. ఏది...

అగో! ధన్ మన్నది, కొట్టిండ్రు బ్లాస్టింగ్. పిల్ల లేసింది. సూడు, నీ దిక్కే చూస్తున్నది. నవ్వు బిడ్డా. లోపల ఎట్లనన్న ఉండనీ, నవ్వు. ఆ... గట్ల. అదీ నవ్వింది సూడు. సల్లగుండుండ్రి బిడ్డా, ఏడున్నా సల్లగుండుండ్రి.