వరిబీజమని చెప్పమన్నారు

హలో… ఆ, నేనేనండి బావగారూ, పెద్దిరాజుని. కొవ్వూరు స్టేషను నుంచి… మా స్టేషను మాస్టరుగారు భోజనానికి వెళ్లారు. మాట్లాడండి.

…లేదండీ, పొరపాటు కాదు. నిన్న డాక్టరుగారు చెబుతుంటే మీ పక్కనే ఉన్నాను కదా. చీము గాజుపలక మీద పూసి భూతద్దంలో చూశారు. క్షయే.

…ఊపిరితిత్తులకే వస్తుందని ఎవరన్నారు? బీజాలకీ వస్తుందట. మీకు దగ్గు లేదు కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు.

…ఆ, వరిబీజమనుకున్నారు. మన గోదావరి లంకల్లో ఇంటికొకరికి ఉంటుంది, మీకూ అదేనని ఆకులేసి కట్టారు. వాపు రాయిలా గట్టిపడి, చిల్లు పడి, చీము కారుతున్నా కూడా…

కోసి తీసేయాల్సిందేనండి. దీనికి ఇంకా మందు కనిపెట్టలేదట. మూత్రపిండాలకి పాకకముందే… తరవాత చేపనూనె, పాలు, మంచి గాలి. అంతే వైద్యం.

…పిల్లలా? అదీ అడిగాను. రెండువైపులా నాళాలు ఎప్పుడో పూడిపోయాయన్నారు. ఇంక పుట్టరు.

అంటే మా చెల్లి అచ్చాయమ్మ గొడ్రాలు కాదు. బిడ్డల కోసం ద్రాక్షారామంలో తడిబట్టలతో అది పొర్లుదండాలు పెడుతున్నప్పుడే మీకు రోజూ సాయంత్రం జ్వరం తగిలేది. మీ అమ్మగారు దాన్ని మా ఇంట్లో దింపేసి వెళ్లిననాడు మీరు నోరెత్తలేదు. నాకు ఒళ్లు మండిపోతోందండీ.

…ఏంటి?… ఆపరేషనుకి ఒప్పుకుంటారు… ఊళ్లో మాత్రం వరిబీజానికని చెప్పాలా?

…ఆ. అందులో సిగ్గు లేదు కదా. మీ జబ్బుకి మర్యాదైన పేరు దొరికింది. మరి దానికి పడ్డ గొడ్రాలన్న పేరో?

…మీ అమ్మగారికి చెప్పరు. సరే. ఆ పెద్దాపురం రెండో పెళ్లి సంబంధమైనా వదులుకుంటారా?

…మాఘంలో ముహూర్తం పెట్టేశారని నాకూ తెలుసు. కొన్నాళ్లు పోయాక ఆ పిల్లనీ గొడ్రాలని పుట్టింటికి పంపేస్తారా?

…ఉండండి, ఉండండి. అచ్చాయమ్మ నా పక్కనే ఉంది. మీ మాటలు వినపడలేదు, నావి విన్నది… లేదు, మీతో మాట్లాడదట. ఒక్కటే అడగమంటోంది. ఆ పెద్దాపురం పిల్లకి ఈ సంగతి తెలుసా అని.

…

బావగారూ… ఉన్నారా?

…ఫోను పెట్టేశాడమ్మా.

…ఎక్కడికే?… పెద్దాపురమా?

…ఉండు. నేనూ వస్తాను.