బొడ్డు మీద కట్టే రూపాయి

"నాయనమ్మా, పొద్దుగాల్నించి ఇంట్లకు, బయటకు తిరుగుతనే ఉన్నవ్. జర కూసో. గా రూపాయి ముచ్చటేందో చెప్పు."

కూసుంట బిడ్డా, కాళ్ళు కూసోనియ్యాలె గదా. మీ అన్న శీనుగాడు ఖమ్మం పోయి ఎంతసేపాయె. గా పాత పైసల దుకాణపాయన ఉన్నడో లేడో. ఎవడో ఫోన్ల చెప్పిండట, రాజు బొమ్మ రూపాయికి లక్షలొస్తయని. అంతే, నా పెట్టెల రూపాయి తీస్కొని పాయె. అమ్మనులే నాయనమ్మా, ఉత్తగ ధర అడిగొస్త అన్నడు. ధర అడగబోయినోడు అమ్మకుండ వస్తడా, నువ్వే చెప్పు.

అది మా అమ్మ ఇచ్చింది. నా మొదటి కాన్పు చండ్రుగొండల, మా అమ్మోళ్ళింట్ల అయింది. మీ పెదనాయిన... కాదు కాదు, ముందు మీ అత్త పుట్టింది. ఏడ్చి ఏడ్చి పిల్ల బొడ్డు రేగ్గాయంత ఉబ్బింది. మా అమ్మ పెట్టె తెరిసి గీ రూపాయి తీసి, చింతపండు పెట్టి తళతళ తోమి, గుడ్డల చుట్టి బొడ్డు మీద కట్టింది. కొన్నాళ్ళకు లోపలికి పాయె. దవాఖానాల డాక్టరమ్మ అంటది, గవన్నీ ఉత్తవి, బొడ్డు దానంతట అదే పోతదని. పోతదేమో. మరి అప్పటిదాంక తల్లి పానం కుదురుగ ఉండాలె గదా.

తర్వాత మీ తాతకు మణుగూరు బొగ్గుబాయిల కొలువు దొరికితే గీ క్వార్టర్లకొస్తిమి. గీ లైన్ల ఎవరింట్ల పిల్ల పుట్టినా నా దగ్గరికే వచ్చేటోళ్ళు, అక్కా జర రూపాయి ఇయ్యి అని. వరంగల్ దిక్కోళ్ళు, కరీంనగర్ దిక్కోళ్ళు, అందరు. ఇచ్చేటప్పుడు తోముడు, వచ్చినంక మళ్ళ తోముడు. మా అమ్మ అంటుండె, ఆమె చిన్నప్పుడు గా ఒక్క రూపాయి పెడ్తే ఇంటికి వారం సామాను వచ్చేదట. ఇప్పుడు రూపాయి ఇస్తే దుకాణపోడు మొహం గూడ సూడడు.

నీకు రేపో మాపో కాన్పు. నీ బిడ్డకు ఏం కట్టాలె? గదే నా రంది. లక్షలొస్తయంటే వాడు ఆగడు. పాత ఆటో మార్చాలని వాని ఆశ, నేనెట్ల వద్దంట.

ఆగు, ఫోను మోగుతుంది. ఆ, శీనూ, చెప్పు. ఏమన్నడు? రూపాయి మీది సంవత్సరం అరిగిపోయిందా? అది కనపడ్తేనే ధరనా? ఎవరు తోమిన్రు అన్నడా? నేనే అని చెప్పు. ఇయ్యాల పొద్దుగాల గూడ తోమి పంపిన, మురికితోని నలుగురిల పెడ్తమా. పాత వెండి నలుపు అట్లనే ఉంచాల్నా? మసి రూపాయి పసిపిల్ల కడుపు మీద పెట్టేదెవరో ఆయననే అడుగు.

విన్నవా బిడ్డా, ఉత్త వెండి ధరనేనట. హమ్మయ్య, ఇగ పానం నిమ్మలమైంది. అయినా గంతేనా? గింత లైను పిల్లలను సాకిన రూపాయి, గంతేనా?

ఏందిరా? ఇంకేం లాభం, అక్కడనే వెండి కింద ఇచ్చేసి వస్తవా?

శీనూ, ఇను. ఆ వెండి ధర నేనిస్త. నా పింఛనుల ఇస్త. అవ్, పూరా ఇస్త. ఇంకేం మాట్లాడకు, అంగీ లోపలి జేబుల పెట్టుకొని జల్దీ రా.

నవ్వకే. ఎక్కువ ధర పలికితే పోతదని భయపడ్డ. ఏం పలకకపోతే ఇంక జల్దీ పోబట్టె. మా అమ్మ నా కొంగున కట్టి పంపిన రూపాయిని ఇన్నేండ్లకు మనుమని దగ్గర నేనే కొనుక్కుంటున్న. కోపమొస్తుంది, మరి వాణ్ణి ఏమన్న అంటే నాకే మనసొప్పదు... సరే తియ్యి. నీ కడుపు సల్లగుండ బిడ్డా, సులువుగ కను. నీ సొమ్ము నువ్వే కొనుక్కునే గతి మాత్రం నీకు రావొద్దు.